ఇంట్లో పెయింట్ స్ప్రే గన్: వస్తువుకు మెరుపు, మన ఊపిరికి భద్రత



క్రిస్మస్ దగ్గర పడుతున్నదంటే మన ఇళ్లలో ముందుగా బయటికి వచ్చేది రంగు డబ్బా. గేటుకు, బీరువాకు, పాత ఇనుప మంచానికి, పేము కుర్చీలకు, కొన్ని సంఘాలలో మందిరపు బెంచీలకు కూడా ఈ రోజుల్లోనే రంగు వేస్తారు. ఒకప్పుడు ఈ పనంతా కుంచెతో జరిగేది. ఇప్పుడు చేతిలో పట్టుకుని వాడే చిన్న కరెంటు స్ప్రే గన్‌లు హార్డ్‌వేర్ షాపులలో సులువుగా దొరుకుతున్నాయి. కూలి ఖర్చు మిగులుతుందని యౌవనస్థులు కొని తెచ్చి ఇంట్లోనే మొదలుపెడుతున్నారు. పని నేర్చుకోవడం మంచిదే. అయితే గన్‌ను ఎలా అమర్చుకోవాలి, ఎలా వాడాలి అన్న దానితో పాటు, వాడేవారి ఊపిరితిత్తులను, చేతులను, ఇంట్లోని పసిపిల్లలను ఎలా కాపాడుకోవాలో కూడా తెలిసి ఉండాలి. అందుకే ఈ సంచికలో ఈ విషయం వ్రాస్తున్నాము.

నెబ్యులైజర్‌కు అన్నదమ్ముడు

స్ప్రే గన్ పుట్టింది వైద్యుని ఇంట్లోనే అంటే ఆశ్చర్యంగా ఉంటుంది. అమెరికాలోని టొలీడో నగరంలో డాక్టర్ ఆలెన్ డివిల్‌బిస్ అనే గొంతు, ముక్కు వైద్యుడు ఉండేవారు. రోగుల గొంతులో మందును తుంపరగా చల్లడానికి 1880లలో ఆయన ఒక పరికరం తయారు చేశారు. ఆయన కుమారుడు టామ్ అదే సూత్రంతో 1907లో రంగు చల్లే గన్‌ను రూపొందించారు. మందు చల్లిన పరికరమే రంగు చల్లే పరికరమైందన్నమాట.

ఈ సంగతి ఎందుకు చెబుతున్నామంటే, ఉబ్బసం ఉన్న వారికి మేము ఆసుపత్రిలో నెబ్యులైజర్ పెట్టడం మీలో చాలామంది చూసే ఉంటారు. ద్రవరూపంలో ఉన్న మందును అది పొగమంచులా మారుస్తుంది. ఆ తుంపరలో ఒక్కో బిందువు 1 నుండి 5 మైక్రాన్ల పరిమాణంలో ఉంటే అది ఊపిరితిత్తుల లోతుకు చేరుతుంది. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు అనుకుంటే, ఆ బిందువు ఎంత చిన్నదో ఊహించుకోవచ్చు. స్ప్రే గన్ కూడా రంగును ఇలాగే చీల్చుతుంది. పెద్ద బిందువులు వస్తువు మీద పడతాయి. మిగిలిన సన్నని బిందువులు గాలిలో తేలుతూ ఉంటాయి. అప్పుడు ఆ గాలినే మనం పీలుస్తాము. కుంచెతో వేసినప్పుడు మనకు తగిలేది ముఖ్యంగా వాసన, అంటే ఆవిరి మాత్రమే. గన్‌తో కొట్టినప్పుడు ఆవిరితో పాటు రంగు కూడా లోపలికి పోతుంది. ఈ వ్యాసంలో చెప్పే జాగ్రత్తలన్నింటికీ ఇదే మూలం.

ఏ గన్ ఇంటికి తగినది?

మన దగ్గర సాధారణంగా మూడు రకాలు కనిపిస్తాయి.

1. చేతిలో పట్టుకునే కరెంటు గన్. చిన్న మోటారు గాలిని ఊదుతుంది. ఒత్తిడి తక్కువ, గాలి ఎక్కువ. ఇంటి పనులకు ఇది చాలు.

2. కంప్రెసర్‌తో నడిచే గన్. కప్పు పైన ఉండేది ఒక రకం, కింద ఉండేది మరొక రకం. మెకానిక్ షెడ్లలో, ఫర్నిచర్ షాపులలో వాడతారు. ఫినిషింగ్ బాగా వస్తుంది కాని కొంత అనుభవం కావాలి.

3. ఎయిర్‌లెస్ యంత్రం. పెద్ద గోడలకు కాంట్రాక్టర్లు వాడతారు. ఇది గాలితో కాక, రంగునే విపరీతమైన ఒత్తిడితో నెడుతుంది. అద్దెకు దొరికినా, శిక్షణ లేనివారు దీనిని ముట్టుకోవద్దు. కారణం చివరలో చెబుతాము.

ఒక్క కిటికీకో, రెండు స్టూళ్లకో అయితే కుంచే మేలు. గ్రిల్స్‌కు గన్ వాడితే సగం రంగు సందులలో నుండి గాలిలోకే పోతుంది. బీరువా, చెక్కిన తలుపు, బెంచీలు, పేము కుర్చీలు వంటి వాటికి గన్ నిజంగా ఉపయోగపడుతుంది.

ఇంట్లో చల్లరాని రంగు ఒకటి ఉంది

టేకు తలుపులకు అద్దంలాంటి మెరుపు కావాలని చాలామంది పి.యు. పాలిష్ వేయిస్తారు. కార్లకు వేసే రంగుల్లోనూ ఈ జాతివి ఉన్నాయి. వీటిలో రెండు డబ్బాలు కలిపి వాడే రకంలో, రెండవ డబ్బాలో ఉండే హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. 1984 డిసెంబరులో భోపాల్‌లో వెలువడిన విషవాయువు మిథైల్ ఐసోసయనేట్. హార్డెనర్‌లో ఉండేది అదే పదార్థం కాదు, కాని అదే కుటుంబానికి చెందినది.

ఈ తుంపర పీల్చిన కొందరిలో శరీరం దానికి అలర్జీ పెంచుకుంటుంది. ఒకసారి అలా అయిన తరువాత, మరెప్పుడు ఆ రంగు కొద్దిగా సోకినా ఉబ్బసం లేస్తుంది. ఇది జీవితాంతం ఉండవచ్చు. పైగా దీని వాసన మనల్ని ముందుగా హెచ్చరించదు. ఈ పని చేసేవారికి ప్రత్యేకమైన గది, బయటి నుండి పైపు ద్వారా మంచి గాలి అందించే ముసుగు ఉండాలి. ఇవి ఇంట్లో కుదరవు. కాబట్టి రెండు డబ్బాల పి.యు. రంగును ఇంటి దగ్గర గన్‌తో కొట్టవద్దని గట్టిగా కోరుతున్నాము. ఇంటి పనికి నీటితో కలిపే రంగులు అన్నింటికంటె మేలు. ఇనుముకు మామూలు సింథటిక్ ఎనామెల్ వాడవచ్చు.

చోటు ఎంపిక

మూసిన గదిలో స్ప్రే చేయకూడదు. కిటికీ ఒకటి తెరిచి, సీలింగ్ ఫ్యాన్ వేసుకుంటే సరిపోతుందని కొందరు అనుకుంటారు. సీలింగ్ ఫ్యాన్ ఆ గాలినే గదిలో తిప్పుతుంది తప్ప బయటికి పంపదు. పెరడు గాని, డాబా గాని, మూడు వైపులా తెరిచి ఉన్న షెడ్డు గాని చూసుకోండి. గాలి మీ వీపు వైపు నుండి గాని, ప్రక్క నుండి గాని వీచేలా నిలబడండి. తుంపర మీ ముఖం మీదికి తిరిగి రాకూడదు. పొరుగువారి ఆరేసిన బట్టలు, బావి, నీళ్ల తొట్టి, కోళ్ల గూడు కూడా చూసుకోండి.

థిన్నర్ ఆవిరి గాలికంటె బరువు. అది నేల వెంబడి ప్రాకిపోయి దూరంగా ఉన్న మంటను అందుకోగలదు. వంటగది పొయ్యి, దీపం, దోమల చుట్ట, బీడీ, స్విచ్ వేసినప్పుడు వచ్చే నిప్పురవ్వ, ఏదైనా చాలు. మినరల్ టర్పెంటైన్ సుమారు 35 నుండి 40 డిగ్రీల వేడిలో అంటుకోగల ఆవిరినిస్తుంది. మన వేసవి మధ్యాహ్నాలు ఆ వేడిని దాటిపోతాయి. అందుచేత ఎండాకాలంలో ఈ పనిని ఉదయం చల్లదనంలోనే ముగించుకోవాలి. ఎన్.సి. థిన్నర్ అయితే ఇంకా తక్కువ వేడిలోనే, మామూలు రోజుల్లో కూడా అంటుకుంటుంది. గన్‌తో ఇచ్చిన పుస్తకంలో అనుమతి ఉంటే తప్ప, దానిని కరెంటు మోటారు ఉన్న చేతి గన్‌లో పోయవద్దు.

మూతికి రుమాలు చాలదు

రుమాలు గాని, తువ్వాలు గాని తడిపి కట్టుకున్నా ఈ తుంపర ఆగదు. 2020 నుండి మనకందరికీ పరిచయమైన ఎన్-95 మాస్కు దుమ్ము రేణువులను ఆపుతుంది, కాని థిన్నర్ ఆవిరిని ఆపదు. నూనె తుంపరలకు కూడా అది తగినది కాదు. ఎనామెల్ కొట్టేటప్పుడు కావలసినది, రెండు ప్రక్కలా డబ్బాల్లాంటి ఫిల్టర్లు ఉండే రబ్బరు మాస్కు. అందులో ఆవిరిని పట్టే బొగ్గు ఫిల్టరు, దానిపైన తుంపరను ఆపే పలుచని ఫిల్టరు రెండూ ఉండాలి.

తొడుక్కున్న తరువాత రెండు అరచేతులతో ఫిల్టర్లను మూసి గాలి లోపలికి పీల్చండి. మాస్కు ముఖానికి అతుక్కుంటే సరిగ్గా ఉన్నట్టు. గడ్డం ఉంటే సందుల్లో నుండి గాలి చొరబడుతుంది. పని చేస్తుండగా లోపల వాసన తెలిసిందంటే ఫిల్టర్లు మార్చవలసిన సమయం వచ్చినట్టే. పని అయ్యాక వాటిని గాలి చొరని సంచిలో మూసి ఉంచండి. బయట వదిలేస్తే అవి ఊరికే నిండిపోతాయి. కళ్లకు మూసిన అద్దాలు, చేతులకు నైట్రైల్ గ్లవ్స్, ఒంటికి పొడుగు చేతుల చొక్కా వేసుకోండి.

పని తరువాత బెల్లం తింటే లోపలి రంగు పోతుందని చాలామంది నమ్ముతారు. బెల్లం కడుపులోకి పోతుంది, రంగు పోయింది ఊపిరితిత్తుల్లోకి. ఈ రెండింటి దారులు వేరు. పాలు, అరటిపండ్ల సంగతీ అంతే. అవి ఆహారంగా మంచివే కాని మాస్కుకు బదులు కావు.

వస్తువును సిద్ధం చేయడం

స్ప్రే పనిలో సగానికి పైగా శ్రమ ఇక్కడే ఉంటుంది. జిడ్డును సబ్బు నీటితో కడిగి ఆరనివ్వండి. తుప్పు ఉంటే వైరు బ్రష్‌తో తీయండి. గుంటలకు లప్పం పెట్టి, ఎండాక రుద్దండి. ఇనుముకు రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, చెక్కకు వుడ్ ప్రైమర్ ఒక కోటు వేయండి.

పాత రంగును రుద్దేటప్పుడు ఒక హెచ్చరిక. పాత రంగులలో సీసం ఉండవచ్చు. ఇళ్లకు వాడే రంగులలో సీసం పది లక్షల వంతులకు 90 వంతులు మించరాదన్న నియమాన్ని మన దేశంలో 2016లో ప్రకటించారు. అది 2017 నవంబరు నుండి అమలులోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగు పొడిగా రుద్దితే, ఆ దుమ్ము నేల మీద పడి, ప్రాకే పిల్లల చేతుల ద్వారా నోటికి చేరుతుంది. పిల్లల మెదడు ఎదుగుదలకు సీసం హాని చేస్తుంది. కాబట్టి వాటర్ పేపరుతో, నీళ్లు చల్లుతూ రుద్దండి. తరువాత నేలను చీపురుతో ఊడ్వక తడిగుడ్డతో తుడవండి. గర్భిణులు, పసిబిడ్డలు ఆ దరికి రాకూడదు.

రంగు కలపడం, గన్ అమర్చడం

1. డబ్బా అడుగు వరకు బాగా కలియబెట్టి, డబ్బా మీద చెప్పిన పలచన ద్రవాన్నే కొద్ది కొద్దిగా పోయండి. ఎనామెల్‌కు టర్పెంటైన్, నీటి రంగుకు నీరు.

2. గన్‌తో అడుగున రంధ్రం ఉన్న చిన్న కప్పు వస్తుంది. దాన్ని రంగులో ముంచి పైకెత్తి, ధార తెగేవరకు సెకన్లు లెక్కపెట్టండి. ఎన్ని సెకన్లు ఉండాలో గన్ పుస్తకంలో ఉంటుంది. షాపుల్లో దొరికే ఫోర్డ్ కప్పు నంబరు 4తో అయితే ఎనామెల్‌కు సుమారు 20 నుండి 30 సెకన్లు. కప్పు లేకపోతే, పుల్లను ముంచి ఎత్తినప్పుడు చిక్కని పాలలా ఎడతెగకుండా కారాలి.

3. సన్నని నైలాన్ గుడ్డలో వడకట్టండి. నాజిల్ మూసుకుపోవడానికి ముఖ్య కారణం వడకట్టకపోవడమే.

4. కంప్రెసర్ గన్‌లో ఎనామెల్‌కు 1.4 నుండి 1.8 మి.మీ. నాజిల్ సరిపోతుంది. ట్రిగ్గర్ నొక్కి ఉంచినప్పుడు ప్రెషర్ సుమారు 30 నుండి 45 పి.ఎస్.ఐ. మధ్య చూసుకోండి. మొదలుపెట్టే ముందు ట్యాంకు అడుగు మర తిప్పి నీటిని వదిలేయండి. ఆ నీరు రంగులో పడితే పొక్కులు వస్తాయి.

5. కరెంటు గన్‌ను ఎర్త్ ఉన్న సాకెట్‌కే తగిలించండి. నీళ్లు పడిన నేల మీద ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టవద్దు.

6. ముందుగా అట్ట ముక్క మీద కొట్టి చూడండి. తుంపర సమంగా, కోడిగుడ్డు ఆకారంలో పడితే సరిగ్గా ఉన్నట్టు. మధ్యలో ముద్దగా పడితే రంగు చిక్కగా ఉందనో గాలి చాలడం లేదనో అర్థం.

కొట్టే పద్ధతి

గన్‌ను వస్తువుకు 15 నుండి 20 సెంటీమీటర్ల దూరంలో, అంటే జానకు కాస్త తక్కువలో పట్టుకోండి. చేతిని నిటారుగా, ఒకే దూరంలో జరపాలి. మణికట్టును విసనకర్రలా ఊపితే మధ్యలో మందంగా, చివర్లలో పలుచగా పడుతుంది. వస్తువు అంచు రాకముందే చెయ్యి కదిలించి, అంచు దగ్గర ట్రిగ్గర్ నొక్కి, అవతలి అంచు దాటాక వదలండి. ప్రతి పట్టీ ముందటి దానిని సగం వరకు కప్పాలి. ఒక మందమైన కోటుకంటె రెండు మూడు పలుచని కోట్లు మేలు. కోటుకు కోటుకు మధ్య డబ్బా మీద వ్రాసిన సమయం ఆగండి.

రంగు కారిపోతుంటే మీరు మరీ దగ్గరగానో నెమ్మదిగానో కొడుతున్నట్టు. నారింజ తొక్కలా గరుకుగా వస్తే రంగు చిక్కగా ఉన్నట్టు. పొడిపొడిగా పడితే గన్ దూరంగా ఉన్నట్టు. వాన రోజుల్లో, గాలిలో తేమ ఎక్కువైనప్పుడు ఎన్.సి. రంగుల మీద తెల్లని మసక వస్తుంది. కోస్తా ప్రాంతంవారు ఎండ కాసే రోజు చూసుకోవాలి.

గన్‌ను మనుషుల వైపు సరదాకైనా చూపవద్దు. కంప్రెసర్ గాలితో బట్టల మీద, తల మీద దుమ్ము దులుపుకోవద్దు. ఆ గాలి కంటికి, చెవికి హాని చేస్తుంది.

పని ముగిశాక

ప్లగ్గు తీసి, ప్రెషర్ వదిలి, గన్‌ను వెంటనే కడగండి. చేతులకు అంటిన ఎనామెల్‌ను థిన్నర్‌తో కడుక్కోవద్దు, అది చర్మం గుండా లోపలికి ఇంకుతుంది. కొబ్బరినూనె గాని, వేరుశనగ నూనె గాని రాసి, తుడిచి, సబ్బుతో కడుక్కోండి. నూనె రంగు తుడిచిన గుడ్డలను కుప్పగా పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకోవచ్చు. విడివిడిగా బయట ఆరవేసి పారవేయండి.

మిగిలిన టర్పెంటైన్‌ను కూల్‌డ్రింక్ సీసాలో పోసి అటక మీద పెట్టడం చాలా ఇళ్లలో ఉన్న అలవాటు. దాహమైన పిల్లవాడికి ఆ సీసాలో ఏముందో తెలియదు. దాని సొంత డబ్బాలోనే, తాళం వేసిన చోట ఉంచండి.

ప్రమాదం జరిగితే

తల తిరిగినా, వికారమైనా, మత్తుగా ఉన్నా వెంటనే పని ఆపి ఆరుబయటికి రండి. ఆయాసం, పిల్లికూతలు ఉంటే ఆలస్యం చేయక ఆసుపత్రికి రండి. ఊపిరి అందకపోతే 108కు ఫోన్ చేయండి.

కంటిలో పడితే రెప్పలు తెరిచి ఉంచి 15 నుండి 20 నిమిషాలు మంచినీటి ధారతో కడగండి. తరువాత కంటి వైద్యునికి చూపించండి.

థిన్నర్ గాని టర్పెంటైన్ గాని మింగితే వాంతి చేయించకండి. ఉప్పునీళ్లు పోయకండి. వాంతిలో అది ఊపిరితిత్తుల్లోకి దిగితే ప్రాణాపాయం. డబ్బాతో సహా తీసుకురండి.

ఎయిర్‌లెస్ గన్ గాయం. ఇది అందరూ గుర్తుంచుకోవలసినది. కారు టైరులో ఉండే గాలి ఒత్తిడి సుమారు 30 పి.ఎస్.ఐ. ఎయిర్‌లెస్ యంత్రంలో రంగు 3,000 పి.ఎస్.ఐ. వరకు ఉండగలదు, అంటే వంద రెట్లు. మూసుకుపోయిన నాజిల్‌ను వేలితో తుడిచినప్పుడు రంగు చర్మాన్ని చీల్చుకుని లోపలికి దూసుకుపోతుంది. పైకి సూది గుచ్చినంత చుక్క మాత్రమే కనిపిస్తుంది. మొదట్లో నొప్పి కూడా అంతగా ఉండకపోవచ్చు. కట్టు కట్టుకుని మరునాడు చూద్దాంలే అనిపిస్తుంది. కాని లోపల రంగు, థిన్నర్ కలిసి కండను, నరాలను చంపుతూ ఉంటాయి. కొన్ని గంటలలోపే శస్త్రచికిత్స చేసి శుభ్రం చేయకపోతే వేలు, ఒక్కోసారి చెయ్యి తీసివేయవలసి వస్తుంది. గాయం చిన్నదని చూడక, శస్త్రచికిత్స జరిగే ఆసుపత్రికి అప్పటికప్పుడు వెళ్లి, "ఎయిర్‌లెస్ గన్‌తో రంగు లోపలికి పోయింది" అని స్పష్టంగా చెప్పండి. రంగు డబ్బా కూడా చూపించండి.

ఇదే జీవనోపాధిగా ఉన్నవారికి

మన సంఘాలలో రంగులు వేసి కుటుంబాన్ని పోషించుకునే సహోదరులు చాలామంది ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1989లోనే పెయింటర్ పనిని క్యాన్సర్ కలిగించే వృత్తులలో చేర్చింది. భయపెట్టడానికి ఇది చెప్పడం లేదు. మాస్కు ఖర్చు దండగ కాదని చెప్పడానికే చెబుతున్నాము. పొగ తాగే అలవాటు ఉంటే మానడం కూడా ఈ పనిలో ఉన్నవారికి మరింత అవసరం.

దగ్గు, ఆయాసం పని ఉన్న రోజుల సాయంత్రమో రాత్రో వచ్చి, సెలవు రోజుల్లో తగ్గి, మళ్లీ పనిలోకి దిగగానే తిరగబెడుతుంటే, అది రంగు వల్ల వచ్చిన ఉబ్బసం కావచ్చు. డాక్టరుగారి దగ్గరకు వచ్చినప్పుడు జబ్బుతో పాటు మీరు చేసే పని ఏమిటో, ఏ రంగులు వాడతారో తప్పక చెప్పండి. త్వరగా గుర్తించి ఆ రంగుకు దూరమైతే చాలామందికి మేలు జరుగుతుంది. పెయింటర్‌ను పెట్టుకునే ఇంటివారికి కూడా ఒక మనవి. కూలి మాట్లాడుకునేటప్పుడే మాస్కు, ఫిల్టర్ల ఖర్చు కలిపి మాట్లాడండి. మీ ఇల్లు మెరవడం కోసం మరొకరి ఊపిరి పోకూడదు.

కొత్త ఇల్లు కట్టుకున్నవాడు దాని పైకప్పు చుట్టూ పిట్టగోడ కట్టాలన్న ఆజ్ఞ ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో ఉంది. ఎవరూ జారిపడి ఆ ఇంటి మీదికి ప్రాణదోషం రాకూడదని దాని ఉద్దేశం. ఇంటి అందం కోసం చేసే పనిలో ఇంటివారి ప్రాణానికీ, పనివాని ప్రాణానికీ కాపుదల ఉండాలన్నమాట. స్ప్రే గన్ పట్టేవారికి మాస్కు, గాలి ఆడే చోటు, తాళం వేసిన డబ్బా, ఇవే ఆ పిట్టగోడ.

ఈ పండుగకు మీ ఇళ్లు కొత్త రంగులతోను, మీ కుటుంబాలు ఆరోగ్యంతోను నిండి ఉండునట్లు దేవుడు మిమ్మును దీవించును గాక.